పైన్ వరుసల్లో బొడ్డుతాడు

మే ఖలా, ఫిబ్రవరి 6

తమ్ముడు చో వాకు,

పసుపు రంగు అద్దె బండి రేపు దిగువకు వెళ్తుందట. ఈ ఉత్తరం దానికి అందించాలని పొయ్యి మీద అన్నం వదిలేసి మరీ కూర్చున్నాను. మాడితే ఆ పాపం నీదే.

మా అడవిని కొలవడానికి చియాంగ్ మై పట్నం నుంచి చదువుకునే పిల్లలొచ్చారు. అడవిని కొలవడమేమిటి, అదేమైనా రవిక కుట్టించుకునే పెళ్లికూతురా అనుకున్నాను. నిజంగానే కొలిచారు! ప్రతి చెట్టుకూ రొమ్మెత్తున టేపు చుట్టి లావు రాసుకున్నారు. రాలిన ఆకులు సంచుల్లోకి ఎత్తి తూకం వేశారు. గుంటలు తవ్వి మట్టిని డబ్బాల్లో పోసుకున్నారు. చచ్చి పడిపోయిన మానుల్ని కూడా వదల్లేదు. వాళ్లకు పెద్ద కన్నిక అనే అమ్మాయి. సన్నగా ఉన్నా కొండెక్కడంలో మేకపిల్ల. చెట్లు గాలిలోంచి కార్బన్ పీల్చుకుని ఒంట్లో దాచుకుంటాయట, ఎండు కట్టె బరువులో సగం అదేనట.

"అంటే బొగ్గేగా?" అన్నాను.

"బొగ్గే అనుకోండి పెద్దమ్మా. మీ అడవిలో ఎంత బొగ్గు దాగుందో చూస్తున్నాం" అంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, వాళ్లు బొడ్డుతాడు చెట్లక్కూడా టేపు చుట్టారు. ఎవరి బొడ్డుతాడు ఏ చెట్టుకు కట్టామో వాళ్ల ఆత్మ ఆ చెట్టును పట్టుకుని ఉంటుందని ఆ పిల్లలకేం తెలుసు? మన ముసలమ్మలు మాత్రం ఆత్మలు బెదిరిపోయాయని గోల. ఇక తప్పక, జబ్బు చేసినవాళ్ల మణికట్టుకు కట్టినట్టే, ఆ చెట్లన్నిటికీ తెల్ల నూలుదారాలు కట్టి ఆత్మల్ని వెనక్కి పిలిచాం. నీ కూతురు మూ ప్లే చెట్టుకు నేనే కట్టాను. మర్నాడు కన్నిక వచ్చి, "పెద్దమ్మా, ఇప్పుడు దారం మీంచి కొలవనా, దారం కిందనా?" అని అడిగింది. నవ్వలేక చచ్చాం.

అసలు సంగతి. మూ ప్లే కాన్పు ఎప్పుడు? దాని బిడ్డకు చెట్టు చూసి పెట్టాను. తల్లి చెట్టు పక్కనే, మంచి ముళ్లకాయ చెట్టు. ఉడతలు ఆ కాయలకోసం కొట్టుకుంటాయి. అంతకంటే ఏం కావాలి?

మీ కొండ మీద మీరు నాటిన పైన్ చెట్లను అడిగానని చెప్పు. ఇంకా బడిపిల్లల్లా వరుసల్లోనే నిలబడుతున్నాయా, లేక గంట కొట్టారా?

నీ అక్క,
నో బూ

పైపు తాగడం తగ్గించమన్నావు. తగ్గించాను. ఇప్పుడు కూర్చున్నప్పుడు మాత్రమే తాగుతున్నాను.


హువే పోన్, ఫిబ్రవరి 21

అక్కా,

అన్నం మాడే ఉంటుంది. నీ చేతి అన్నం మాడనిదెప్పుడు గనక?

కన్నిక మా దగ్గరికీ వచ్చింది. నీ అడవిని గురించి తెగ పొగిడింది. అయినా నేను ఊరుకుంటానా? "ఏ చెట్టు ఎక్కువ తాగుతుంది, ముసలిదా, పడుచుదా?" అని అడిగాను. "ఏడాదికేడాది చూస్తే ఎదిగే చెట్టే గబగబా తాగుతుంది మామా" అంది. విన్నావా? నా బడిపిల్లలు నీ ముసలమ్మల కంటే ఎక్కువ తాగుతున్నారు. పడుచు వయసులో ఎవరైనా అంతే.

నేను పెళ్లై ఈ ఊరికి వచ్చినప్పుడు ఆ కొండ ఎలా ఉండేదో నీకు తెలియదు. నువ్వెప్పుడూ రాలేదుగా. రెల్లుగడ్డి తప్ప మొలక లేదు. మా అత్తగారు, నేను, ఈ ఊరి ఆడా మగా అందరం నాటాం. అటవీశాఖ పై వాళ్లు మొక్కలిచ్చారు, చేతులు మావి. ఇప్పుడు లోపలికెళ్తే ఎండ తెలియదు.

వానలు ముదిరేలోపు ఆ పై వాళ్లే కొన్ని చెట్లు తీసేసి వరుసలు పలచన చేస్తారట. తీసే చెట్లకు ఎర్ర రంగు గుర్తు పెట్టి వెళ్లారు. మా ఊరివాళ్లకే కూలి పని. నాకూ పిలుపొచ్చింది.

మూ ప్లే కడుపు గుమ్మడికాయలా ఉంది. మార్చి చివరికి అంటున్నారు. నువ్వు చూసి పెట్టిన చెట్టు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నీ తమ్ముడు,
చో వా


మే ఖలా, మార్చి 10

తమ్ముడూ,

తర్వాత మాట్లాడుకోవడమేమిట్రా? చెట్టు సంగతిలో మాట్లాడుకోవడానికి ఏముంది? ఇదేమన్నా పంది బేరమా?

నాకు అర్థమైందిలే. ఇది మీ అల్లుడి పని. దిగువన ఉద్యోగం వెలగబెట్టి వచ్చినవాడు కదా, బొడ్డుతాడు వెదురుగొట్టంలో పెట్టి చెట్టుకు కట్టడం నామోషీగా ఉండి ఉంటుంది. వాడితో చెప్పు. మూ ప్లే పుట్టినప్పుడు నువ్వు కూడా పెద్ద మొనగాడివే. అయినా నీ కూతురి తాడు పట్టుకుని, మోకాళ్లు కొట్టుకుపోయేలా ఆ గుట్ట దాటి నా దగ్గరకొచ్చావు. ఎందుకు? మీ ఊళ్లో కట్టడానికి ఒక్క చెట్టు లేక. అప్పుడు అన్నం పెట్టి, సారా పోసి, దగ్గరుండి కట్టించింది నేను.

ఎక్కువ తాగుతాయని గొప్పలు పోతున్నావు. చిన్నప్పుడు నాకంటే రెండింతలు తినేవాడివి. ఎవరు లావుగా ఉండేవాళ్లం? తాగడం వేరు, నిలవుంచుకోవడం వేరు. పైగా రేపు వాటిని కోస్తారని నువ్వే రాశావు. తాగిందంతా రంపప్పొట్టు చేస్తారన్నమాట. నీ బడిపిల్లలు చదువు పూర్తి కాకుండానే పోతున్నారు పాపం.

ఇక్కడ పొగ మొదలైంది. అడవి చుట్టూ మంటలు దాటకుండా ఆకులు ఊడుస్తున్నాం. ఊడ్చి ఊడ్చి నా నడుం పట్టేసింది. ముళ్లకాయ చెట్టు దగ్గరికి దారి కూడా బాగు చేశాను. సారాకి బియ్యం నానబోస్తాను. తేదీ చెప్పు చాలు.

అక్క


హువే పోన్, ఏప్రిల్ 4

అక్కా,

ఆడపిల్ల! నల్లగా, గుండ్రంగా, అచ్చం నీలాగే కోపంగా పుట్టింది. దిగువన ఆసుపత్రిలో కాన్పు. తల్లీ బిడ్డా బాగున్నారు. మూ ప్లే ఇప్పుడు రోజూ నా చేత మాంసం జావ కాయించుకుని, ఉప్పు చాలలేదంటోంది.

బొడ్డు ఇంటికొచ్చాకే ఊడింది. అల్లుడు తీ పా దాన్ని తనే వెదురుగొట్టంలో పెట్టి మూత బిగించి పొయ్యి మీది అటకలో దాచాడు. వాడికి నామోషీ ఏమీ లేదక్కా. అనవసరంగా వాణ్ణి ఆడిపోసుకున్నావు. 'తర్వాత' అన్నది నేను.

ఎందుకన్నానో ఇప్పుడు చెప్తాను. పైపు వెలిగించుకుని కూర్చో.

ఈ ఊళ్లో పుట్టిన పిల్లల తాళ్లన్నీ ఎవరెవరి అడవుల్లోనో ఉన్నాయి. మా మూ ప్లేది నీ దగ్గర. మిగతావాళ్లవి వాళ్ల చుట్టాల ఊళ్లలో. వయసొచ్చినవాళ్లు ఒక్కొక్కరూ ఊరు వదిలి పోతుంటే మా అత్తగారు అనేది, "ఆత్మలు ఇక్కడ లేకపోతే కాళ్లెందుకు ఉంటాయి" అని. నా మనవరాలి తాడు మా పైన్ అడవిలో కట్టాలని ఉంది. ఒక్క చెట్టుకు తాడు పడితే చాలు, దాన్నీ దాని చుట్టుపక్కల వాటినీ ఈ కొండల్లో ఎవడూ ముట్టుకోడు. అప్పుడది అడవి అవుతుంది. ఇప్పుడు అది కట్టెల కొట్టు, అంతే. ఆ మాట నేనే అంటున్నాను చూడు.

అయితే అత్తగారు పోయాక మా ఇంటికి పెద్ద ఆడదిక్కువి నువ్వే. నువ్వు ఊఁ అనకుండా కట్టను. ఊఁ అనక్కా.

చో వా


మే ఖలా, ఏప్రిల్ 14

తమ్ముడూ,

బిడ్డకు నా దీవెన. కోపంగా పుట్టినందుకు రెండు దీవెనలు.

అల్లుడి మీద నోరు పారేసుకున్నాను. నా తరఫున వాడికి ఒక ముద్ద ఎక్కువ పెట్టు.

కానీ ఊఁ అనను. మన తాత ముత్తాతలు తాళ్లు కట్టింది ఎవరూ నాటని చెట్లకు. ఎవరి చేతా నాటించుకోని చెట్టు ఎవరి మాటా వినక్కర్లేదు. నీ చెట్లలా కాదు. నాటిన చెయ్యి నరకనూ గలదు. ఎర్ర రంగు పూసిన అడవిలో పసిబిడ్డ ఆత్మను ఎలా వదిలిపెడతావు? రేపు రంపం పెట్టారనుకో, బిడ్డకు జ్వరం వస్తే కోడిని కోసి ఆత్మను ఎక్కడని వెతికి పిలుస్తావు? పైన్ చెట్టుకి పండా, కాయా? ఏ పిట్ట తింటుంది, ఏ ఉడుత తింటుంది?

ఇది పెద్దరికంతో చెప్పే మాట. ఇంకో మాట కూడా ఉంది, అది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మూ ప్లే ఏటా తన చెట్టును చూసుకోవడానికి వస్తుంది. వచ్చి నా దగ్గర ఉండి, నా తల దువ్వి, నా మీద అరిచి పోతుంది. దాని బిడ్డ చెట్టు అక్కడే ఉంటే ఆ బిడ్డ నా గుమ్మం ఎందుకు తొక్కుతుంది? నాకు పిల్లల్లేరు. ఆ ముళ్లకాయ చెట్టును చూసుకుని ఈ చలికాలమంతా సంబరపడ్డాను. నువ్వు దాన్ని లాక్కుంటున్నావు.

అక్క


మే ఖలా, ఏప్రిల్ 27

అక్కా,

పైన ఊరి పేరు చూసి ఉలిక్కిపడ్డావా? నేను నీ ఇంట్లో, నీ చాప మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు మా ఇంట్లో ఉన్నావని మీ పక్కింటివాళ్లు చెప్పారు. నేనూ తీ పా గుట్ట మీది కాలిబాటన వచ్చాం, నువ్వు పసుపు బండిలో చుట్టూ తిరిగి దిగావు. ఇన్నేళ్లూ రాని మనిషివి, నేను బయల్దేరిన రోజే దొరికిందా నీకు?

ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు సిగ్గుగా ఉందన్న చోట నాకే సిగ్గేసింది. ఏటా మూ ప్లే ఇక్కడికి వస్తుంటే అది తన చెట్టు కోసం వస్తోందనుకున్నాను కానీ, నీ కోసం అని ఒక్కసారీ అనుకోలేదు. గొట్టం పట్టుకుని బయల్దేరాను. దారిలో కొంచెం కోపం కూడా ఉంది, దాచను. కానీ ఇక్కడికొచ్చి నువ్వు ఊడ్చిన దారి చూశాను. ముళ్లకాయ చెట్టు కింద వెదురుతో చిన్న బల్ల కూడా కట్టించావు. అంత కిందకి కట్టిన బల్ల పెద్దవాళ్ల కోసం కాదని చూడగానే తెలిసింది. ఇక ఒక్క నిమిషం ఆలోచించలేదు.

ఈ పొద్దున తీ పా చెట్టెక్కి తాడు కట్టేశాడు. మీ ఊళ్లో ఒక్కరూ పొలానికి పోలేదు. బిడ్డ ఆత్మ చెట్టుకు అలవాటు పడేదాకా కత్తి, పార ముట్టుకోకూడదని అందరూ అరుగుల మీద కూర్చుని మా అల్లుణ్ణి ఏడిపించారు. వాడు చెట్టెక్కడం చూసి, కోతులు నవ్వి పోయాయట.

నువ్వే గెలిచావక్కా. మనస్ఫూర్తిగానే అంటున్నాను. ఈ ఉత్తరం ముందుగా బండికి ఇస్తున్నాను, కంగారు పడతావని. మేం రెండు రోజులుండి నీ కప్పు బాగు చేసి నడిచి వస్తాం. నీ కోళ్లకు గింజలు వేస్తున్నాను. అవి నాతో నీకంటే మర్యాదగా ఉన్నాయి.

చో వా


హువే పోన్, ఏప్రిల్ 27

ఒరేయ్ చో వా,

ఈ ఉత్తరం అందగానే ఉన్నపళంగా వెనక్కి రా. గొట్టం పట్టుకుని రా. కట్టకు!

ఆ ఉత్తరం పంపాక ఆలోచించాను. చూడకుండానే కాదన్నాననిపించింది. చూసి కాదందామని బండెక్కాను. తీరా వస్తే నువ్వు లేవు. నీ పెళ్లాం, "మీ తమ్ముడు మీ మాట కోసమే పోయాడు వదినా" అని మొహం అటు తిప్పుకుంది.

వచ్చిన రోజే కన్నిక కూడా దిగింది, కొలతల లెక్క చెప్పడానికి. ఒకే వైశాల్యం తీసుకుంటే మా అడవిలోనే బాగా ఎక్కువ బొగ్గు ఉందట. మట్టిలోనే బోలెడుందట. నేను పైపు వెలిగించి కాలు మీద కాలేసుకున్నాను. ఆ సంబరం ఆ పూటకే సరిపోయింది. ఎందుకంటే మీ ఎదురింటి మో సే అడిగింది, "మరి మాదాన్ని కోయకుండా వదిలేస్తే?" అని. "అలా వదిలేస్తే ఇదీ దాచుకుంటూనే పోతుంది అక్కా. బయటి మొలకలు కూడా చేరతాయి. కానీ చాలా ఏళ్లు పడుతుంది, అన్నేళ్లు ఎవరు ఆగుతారు?" అంది కన్నిక.

మో సేకి ఎనిమిదో నెల. తర్వాత నీ పెళ్లాం, అది నన్ను మీ పైన్ చెట్లలోకి తీసుకెళ్లారు. కర్రలు పాతినట్టు ఉంటాయనుకున్నాను. వరుసలైతే ఉన్నాయి. కానీ కింద నీడ, నీడలో పుట్టగొడుగులు, ఎవరూ నాటని చిన్న చిన్న మొలకలు. ఒక పైన్ కొమ్మల్లో పిట్ట గూడు. నేను దాని కిందే కూర్చుని, "నీ తాడు ఎక్కడ కట్టారే?" అని మో సేని అడిగాను.

"మా అమ్మ పుట్టింటి ఊళ్లో కట్టారట పెద్దమ్మా. ఇప్పుడక్కడ క్యాబేజీ తోట" అంది. ఆ మాట ఉప్పు లేదన్నంత మామూలుగా అంది.

"మరి నీ బిడ్డది ఇక్కడే కట్టరాదూ?"

"ఇది మనది కాదుగా. కోయడానికి పెంచేది."

నాటిన చెయ్యి నరకనూ గలదని నీకు రాసింది నేనే కదా. అదే మాట ఆ పిల్ల నోటా విన్నాను. మా అడవిని ఎవడూ ముట్టుకోడు. అక్కడ ఇంకో తాడు కట్టినా కట్టకపోయినా ఒకటే. మందు రోగికి వేయాలి గానీ, బాగున్నవాడికెందుకు?

ఊఁ అంటున్నాను. పండు కాయకపోతే ఏం, పిట్ట వాలితే చాలు. నా మనవరాలు నా దగ్గరికి చెట్టు కోసం రాకపోతే, నాతో పోట్లాడటానికైనా వస్తుందిలే. పిల్ల నా ముక్కు పట్టుకుని వదలడం లేదు.

పరుగెత్తుకు రా.

అక్క


హువే పోన్, జూన్ 8

అక్కా,

నువ్వు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. నీ పైపు కంపు మాత్రం ఇంకా పోలేదు.

ఆ రోజు నేను గుమ్మంలోకి రాగానే నువ్వు నా చేతుల వంక చూసిన చూపు మర్చిపోలేను. గొట్టం లేదని తెలిశాక ఇద్దరం ఎంతసేపు నవ్వామో, ఎంతసేపు ఏడ్చామో! కట్టిన తాడు విప్పకూడదు, పోనీ. నా మనవరాలు నీ చెట్టు పిల్లే. ఇంకో ఏడాదిలో అది ఆ చిన్న బల్ల మీద కూర్చుంటుంది. నా ఆశ అక్కడితో తెగిపోయిందనుకున్నాను, నీకు చెప్పలేదంతే.

ఇప్పుడు విను. పోయిన నెలాఖరున మో సే ఇంట్లోనే కన్నది. మగపిల్లాడు. బొడ్డు ఊడగానే మొగుడు గొట్టం పట్టుకుని మా ఇంటికొచ్చి, "అక్కగారు చూపించి వెళ్లిన చెట్టేది మామా?" అన్నాడు. నాకేం తెలుసు? నువ్వు నాతో ఒక్క ముక్క అనలేదు. మో సే దగ్గరుండి చూపించింది. అదే, పిట్ట గూడున్న పైన్. వాడు పైకెక్కుతుంటే కింద నిలబడి చూశాను. మొదలులో, గడ్డి పక్కకు తీస్తే, ఎర్ర రంగు గుర్తు.

అక్కా, నీకు కళ్లు బాగానే కనిపిస్తాయి. ఆ గుర్తు చూసే ఆ చెట్టు చెప్పావు. ఒప్పుకో.

తాడు కట్టి దిగేసరికి రంపాల బండి వచ్చింది! దిగువ మేస్త్రీ హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయాడు. ఒక్క కూలీ బయటికి రాలేదు. ఈ ఊళ్లో తాడు కట్టిన రోజని పని మానేయడం నేను వచ్చినప్పటి నుంచి చూడలేదక్కా. కట్టిందెప్పుడు గనక? అయినా ఎవరూ చెప్పకుండానే అందరూ కత్తులు, పారలు చూరులో దోపేసి అరుగుల మీద కూర్చున్నారు.

"ఏమయ్యా, ఇవాళ పనని తెలీదా?" అని మేస్త్రీ కేకలు.

"ఇవాళ చప్పుడు చేయకూడదు. పిల్లాడు కొత్త" అంది నా పెళ్లాం.

మేస్త్రీ కూడా మన కొండలవాడే. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ఏ చెట్టో చూపించమన్నాడు. గొట్టం వంక చూశాడు, మొదలులో ఎర్ర గుర్తు వంక చూశాడు. కింద ఒక రాయి ఏరుకుని ఆ గుర్తు గీకేశాడు. చుట్టుపక్కల గుర్తులు కూడా. మర్నాడు వచ్చి మిగతా వరుసలు కోసుకుపోయారు. నేనూ కూలికి వెళ్లాను. ఆ వైపు మాత్రం ఎవరూ రంపం తిప్పలేదు. ఊళ్లో ఇంకో ఇద్దరు నెలలు నిండినవాళ్లు అప్పుడే చెట్లు చూసుకుంటున్నారు. గుర్తున్నవే కావాలట!

ఆ మొదటి రోజు మేస్త్రీ బండెక్కబోతూ మో సేని అడిగాడు, "పై వాళ్లకు నేను లెక్క చెప్పుకోవాలమ్మా. ఆ చెట్టు మళ్లీ ఎప్పుడు కొయ్యొచ్చు?" అని.

మో సే పాలిస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"వీణ్ణే అడగండి. ముసలాడయ్యాక చెప్తాడు."

అందరూ నవ్వారు, మేస్త్రీతో సహా. నేను మాత్రం ఇంటి వెనక్కి పోయి ఏడ్చాను అక్కా, సంతోషంతోనే.

నీ తమ్ముడు,
చో వా